కరెంటు ఎక్కడ ఆగింది? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ గురించి. కంప్యూటర్‌కు కరెంటు అందడం లేదు, లేదా అందినట్టే అంది మధ్యలో ఆగిపోతోంది. అందుకని వైరస్‌లనూ, మరచిపోయిన పాస్‌వర్డ్‌లనూ వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈ పేజీలన్నీ కరెంటుకే ఇచ్చేశాను.

ముందుగా ఒక విన్నపం. "కంప్యూటర్ ఆన్ కావడం లేదు, పరిష్కారం చెప్పండి" అని ఒకే వాక్యం రాసి పంపితే నేను జ్యోతిషం చెప్పాలే తప్ప జవాబు చెప్పలేను. మీట నొక్కగానే ఫ్యాను కదిలిందా, ఎక్కడైనా దీపం వెలిగిందా, ఎంతసేపటికి ఆగింది, ఆగినప్పుడు దాని మీద ఏ పని జరుగుతోంది అన్నవి రాయండి. రోగం పేరు మీరు చెప్పనక్కరలేదు. లక్షణాలు సరిగ్గా రాస్తే చాలు.

ప్రశ్న: రాత్రి మామూలుగానే ఆపి పడుకున్నాను. పొద్దున మీట నొక్కితే ఏ చలనమూ లేదు. ఫ్యాను తిరగదు, దీపం వెలగదు, శబ్దం రాదు. బాగుచేసే అతను ఫోనులో విని మదర్‌బోర్డు పోయిందన్నాడు. మార్చక తప్పదా, మేడమ్ గారూ?

జవాబు: ఫోనులో విని మదర్‌బోర్డు, అంటే భాగాలన్నీ తగులుకునే పెద్ద బోర్డు, పోయిందని తేల్చిన ఆయనకు నా నమస్కారం. నాకు ఎదురుగా బల్ల మీద పెట్టుకుని చూసినా అంత తొందరగా తెలియదు.

గోడ దగ్గర మొదలుపెట్టి కరెంటు వెళ్లే దారిలోనే మీరూ వెళ్లండి. కంప్యూటర్ ప్లగ్గు తీసి, అదే సాకెట్‌లో ఒక టేబుల్ ల్యాంపు పెట్టి చూడండి. వెలిగిందా? ఇప్పుడు ఎక్స్‌టెన్షన్ బోర్డును పక్కనపెట్టి, కంప్యూటర్‌ను నేరుగా గోడ సాకెట్‌కు కలపండి. ఎక్స్‌టెన్షన్ బోర్డుల లోపల ఇత్తడి రేకులు వదులై, ప్లగ్గు చూడడానికి గట్టిగానే ఉన్నా కరెంటు అందని సందర్భాలు చాలా ఉంటాయి. తరువాత పవర్ కార్డు. చాలా మానిటర్లకూ క్యాబినెట్‌కూ ఒకే రకం కార్డు ఉంటుంది కాబట్టి రెండింటినీ తారుమారు చేసి చూడండి. క్యాబినెట్ వెనుక ఎస్‌ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్‌కు కావలసిన చిన్న వోల్టేజీలకు మార్చే పెట్టె) మీద చిన్న స్విచ్చు ఉంటుంది. దాని మీద ఒక గీత, ఒక సున్నా ఉంటాయి. గీత వైపు నొక్కి ఉంటేనే ఆన్. తుడిచేటప్పుడో, బల్ల జరిపేటప్పుడో అది ఆఫ్ అయిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. పాత ఎస్‌ఎంపీఎస్‌లలో దాని పక్కనే 115, 230 అని రాసిన ఎర్రని జారుడు స్విచ్చు కూడా ఉంటుంది. దానిని సరదాకు కూడా ముట్టుకోకండి. 230 వోల్టుల సరఫరా ఉన్నచోట అది 115 వైపు ఉంటే, ప్లగ్గు పెట్టగానే పెద్ద శబ్దంతో ఎస్‌ఎంపీఎస్ పేలిపోతుంది.

ఇంతవరకూ అంతా సరిగ్గా ఉంటే మూత తీయండి. ఇక్కడ ఒక సంగతి తెలిసి ఉండాలి. కంప్యూటర్ ఆఫ్ చేసి ఉన్నా, ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ ఎస్‌ఎంపీఎస్ ఊదారంగు తీగలో 5 వోల్టులు పంపుతూనే ఉంటుంది. ఇల్లంతా నిద్రపోయినా మేలుకుని ఉండే కాపలాదారు లాంటి కరెంటు ఇది. మీరు మీట నొక్కిన సంగతి కనిపెట్టేది దీని బలంతోనే. మీట నొక్కగానే మదర్‌బోర్డు ఆకుపచ్చ తీగను గ్రౌండ్‌కు కలుపుతుంది. అప్పుడు ఎస్‌ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టుల సరఫరాలను లేపుతుంది. అవి నిలకడగా ఉన్నాయని చూసుకున్నాక, సెకనులో పదో వంతు నుంచి అర సెకను లోపు, బూడిదరంగు తీగ మీద "సిద్ధం" అన్న సంకేతం పంపుతుంది. ఆ సంకేతం అందాకే ప్రాసెసర్ పని మొదలుపెడుతుంది.

కాబట్టి మొదట చూడవలసినది ఆ కాపలా కరెంటు ఉందా లేదా అన్నదే. చాలా మదర్‌బోర్డుల మీద ప్లగ్గు పెట్టగానే ఒక చిన్న దీపం వెలుగుతుంది. కొన్నింటిలో ఆఫ్ చేసి ఉన్నా నెట్‌వర్క్ కేబుల్ దగ్గర దీపం మిణుకుతుంది. అది కనిపిస్తే ఎస్‌ఎంపీఎస్‌లో ప్రాణం ఉన్నట్టే. అప్పుడు నా అనుమానం ముందు ముఖం మీది మీట మీదకు పోతుంది. ఆ మీట నుంచి వచ్చే రెండు తీగలు మదర్‌బోర్డు అంచున "పవర్ స్విచ్" అని గుర్తున్న రెండు పిన్నులకు తగులుకుని ఉంటాయి. వాటిని తీసేసి, రీసెట్ మీట తీగలను అక్కడ పెట్టి రీసెట్ నొక్కండి. కంప్యూటర్ లేచిందా? మదర్‌బోర్డు భేషుగ్గా ఉంది, అరిగిపోయింది మీటే. రీసెట్ మీట లేకపోతే స్క్రూడ్రైవర్ కొనతో ఆ రెండు పిన్నులనూ క్షణం పాటు కలిపినా ఫలితం ఒకటే. అక్కడ ఉండేది 5 వోల్టులు మించదు కాబట్టి మీకు ప్రమాదం లేదు. పక్క పిన్నులకు మాత్రం తగలనివ్వకండి.

దీపం అసలు లేకపోతే, గోడ దగ్గర ప్లగ్గు తీసి, ముందు మీటను అర నిమిషం అదిమి పట్టండి. లోపల మిగిలిన కరెంటు ఖాళీ అవుతుంది. రక్షణ వలయం ఏదైనా బిగుసుకుని ఉంటే ఒక్కోసారి ఇంతమాత్రానికే విడుతుంది. యూఎస్‌బీకి తగిలించినవన్నీ తీసేయండి. లోపల రేకు వంగి షార్ట్ అయిన ఒక్క యూఎస్‌బీ రంధ్రం చాలు, మొత్తం పెట్టెను లేవనివ్వకపోవడానికి. ఆ తరువాత మళ్లీ ప్లగ్గు పెట్టి చూడండి.

ఇక అందరూ చెప్పే పేపర్ క్లిప్ పరీక్ష. ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్లన్నీ ఊడదీసి, 24 పిన్నుల కనెక్టర్‌లో ఆకుపచ్చ తీగనూ పక్కనున్న ఏదైనా నల్ల తీగనూ క్లిప్‌తో కలిపి, తరువాత ప్లగ్గు పెడితే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను తిరగాలి. తిరగకపోతే చాలావరకు ఎస్‌ఎంపీఎస్ పోయినట్టే. "చాలావరకు" అని ఎందుకన్నానంటే, చల్లగా ఉన్నంతసేపూ ఫ్యాను తిప్పని రకాలు కూడా ఉన్నాయి. తిరిగినంత మాత్రాన మంచిదనీ అనుకోకండి. బరువు (లోడు, అంటే కరెంటు లాగే భాగాలు) లేకుండా లేచింది, అంతే. మల్టీమీటర్ ఉంటే అసలు సంగతి అది చెబుతుంది: పసుపు తీగలో 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య, ఎరుపులో 4.75 నుంచి 5.25 మధ్య, నారింజలో 3.14 నుంచి 3.47 మధ్య ఉండాలి. తీగలన్నీ నల్లగా ఉండే కొత్త రకమైతే రంగులను కాక పిన్నుల వరుసను చూసుకోవాలి.

ఇవన్నీ దాటాక కూడా లేవకపోతే అప్పుడు మదర్‌బోర్డు మాట ఎత్తుదాం.

ప్రశ్న: క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జిల్లుమంటోంది. చెప్పులు వేసుకుంటే తెలియడం లేదు. మా వారు "ఎస్‌ఎంపీఎస్ మార్చేద్దాం" అంటున్నారు. మార్చాం కూడా. అయినా అలాగే ఉంది.

జవాబు: అమ్మా, ఎస్‌ఎంపీఎస్‌ను ఎన్నిసార్లు మార్చినా అలాగే ఉంటుంది. తప్పు దానిది కాదు, మీ సాకెట్‌కు ఎర్త్ లేదు.

ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు ప్రవేశించేచోట చిన్న ఫిల్టరు ఉంటుంది. అందులో ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండు బుల్లి కెపాసిటర్లు క్యాబినెట్ లోహానికి కలిసి ఉంటాయి. లోపలి విద్యుత్ రొద బయటకు పోకుండా ఆపడం వాటి పని. ఆ క్రమంలో కొద్దిపాటి కరెంటు లోహంలోకి జారుతుంది. ఎర్త్ ఉంటే అది మూడో పిన్ను దారిన నేలలోకి పోతుంది, మీకు తెలియనే తెలియదు. ఎర్త్ లేకపోతే రెండు కెపాసిటర్ల నడుమ లోహం ఊగిసలాడుతూ సరఫరాలో సగం వోల్టేజీ దగ్గర నిలబడుతుంది. 230 వోల్టుల ఇంట్లో అది దాదాపు 115. పారే కరెంటు మాత్రం సాధారణంగా ఒక మిల్లీ ఆంపియర్ కూడా ఉండదు కనుక జిల్లుమంటుందే తప్ప ప్రాణం మీదకు రాదు. టెస్టర్ ఆనిస్తే దీపం వెలుగుతుంది. అది చూసి జనం హడలిపోతారు.

"ప్రాణం మీదకు రాదు" అన్నానని వదిలేయకండి. భయపడవలసింది ఈ జిల్లుకు కాదు. రేపెప్పుడైనా లోపల తీగ తొడుగు చిట్లి ఫేజ్ నేరుగా లోహానికి తగిలితే, ఎర్త్ ఉన్న ఇంట్లో వెంటనే బ్రేకర్ పడిపోతుంది. ఎర్త్ లేని ఇంట్లో ఏమీ పడదు. పూర్తి 230 వోల్టులతో ఆ పెట్టె ఎవరైనా ముట్టుకునే దాకా కాచుకుని ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు పక్కదారి పట్టగానే పడిపోయే ఆర్‌సీసీబీ అనే స్విచ్చు ఇంట్లో ఉంటే ముట్టుకున్న మనిషిని కాపాడవచ్చు. అది ఎర్త్‌కు తోడే గాని బదులు కాదు.

కంప్యూటర్‌కూ ఇందులో నష్టం ఉంది. ఎర్త్ లేని పెట్టెకు టీవీ నుంచో మరో యంత్రం నుంచో హెచ్‌డీఎంఐ కేబుల్ తగిలించే క్షణంలో ఆ తేడా వోల్టేజీ కేబుల్ గుండా దూకి, రెండు వైపులా పోర్టులను కాల్చేయగలదు. ఎర్త్ బాగుపడే వరకూ రెండింటి ప్లగ్గులూ తీసి, కేబుల్ కలిపి, తరువాతే ప్లగ్గులు పెట్టండి.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మీ సాకెట్‌లో ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలవమనండి. అది ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య ఉన్నంత దాదాపుగా ఉండాలి. ఆయన సాకెట్ వెనుక న్యూట్రల్ తీగను ఎర్త్ పిన్నుకు కలిపి "ఎర్త్ వచ్చేసింది" అంటే ఒప్పుకోకండి. మీటరు కొలత అప్పుడూ సరిగ్గానే కనిపిస్తుంది. ఎక్కడైనా ఆ న్యూట్రల్ తెగిన రోజున మాత్రం మీ క్యాబినెట్ మొత్తం ఫేజ్ అయి కూర్చుంటుంది. నీటి గొట్టానికి, గ్యాసు గొట్టానికి కట్టడం కూడా కూడదు. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల సాకెట్‌లో పెట్టడానికి వాడే ఆ చిన్న అడాప్టర్ మీ ఇంట్లో ఉంటే దానిని బయట పారేయండి. ఉన్న ఎర్త్‌ను కూడా లేకుండా చేసేది అదే.

ప్రశ్న: కొత్త భాగాలు తెచ్చుకుని నేనే కంప్యూటర్ బిగించుకున్నాను (డిగ్రీ రెండో సంవత్సరం). ఫ్యాన్లు తిరుగుతున్నాయి, రంగు దీపాలన్నీ వెలుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. కరెంటు సమస్యేనా?

జవాబు: బాబూ, ప్రాసెసర్ దగ్గర, మదర్‌బోర్డు పై మూలలో, నాలుగో ఎనిమిదో పిన్నుల కనెక్టర్ ఒకటి ఉంటుంది. అక్కడ తీగ పెట్టావా? సొంతంగా బిగించుకున్నవారు నాకు రాసే ఉత్తరాల్లో కారణం ఎక్కువసార్లు ఇదే. 24 పిన్నుల పెద్ద కనెక్టర్ పెట్టగానే ఫ్యాన్లూ దీపాలూ వచ్చేస్తాయి. ప్రాసెసర్‌కు వేరుగా 12 వోల్టులు అందాలన్న సంగతి గుర్తు రాదు. ఒక జాగ్రత్త: గ్రాఫిక్స్ కార్డు కోసం ఉన్న ఎనిమిది పిన్నుల తీగ కూడా చూడడానికి అలాగే ఉంటుంది. దాన్ని అక్కడ బలవంతంగా దూర్చకు. రెండింటిలో పసుపు, నలుపు తీగల వరుసలు తారుమారుగా ఉంటాయి.

అది సరిగ్గానే ఉంటే తెర కేబుల్ చూడు. గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉన్నప్పుడు మానిటర్ కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి, మదర్‌బోర్డుకు కాదు. తరువాత ర్యామ్ (మెమరీ కడ్డీలు). రెండు ఉంటే ఒకటి తీసేసి, మిగిలినదాన్ని క్లిక్‌మనే దాకా నొక్కి పెట్టి చూడు. చాలా మదర్‌బోర్డుల మీద సీపీయూ (ప్రాసెసర్), డ్రామ్ (ర్యామ్), వీజీఏ (గ్రాఫిక్స్), బూట్ అని నాలుగు బుల్లి దీపాలు ఉంటాయి. ఏది వెలిగి ఆగిపోయిందో చూస్తే ఎక్కడ చిక్కుకుందో తెలుస్తుంది. కొత్త ర్యామ్ రకాల్లో మొదటిసారి లేవడానికి కొన్ని నిమిషాలు కూడా పట్టవచ్చు, నల్ల తెర చూసి మాటిమాటికీ ఆపేస్తుంటే అది ఎప్పటికీ పూర్తి కాదు.

ఫ్యాన్లు ఒక్క క్షణం కదిలి ఆగిపోతుంటే మాత్రం వేరే కథ. ఎక్కడో షార్ట్ ఉంది, ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకుంటోంది. మదర్‌బోర్డు కింద అవసరం లేని చోట, బోర్డును ఎత్తి నిలిపే ఇత్తడి కాలు మిగిలిపోయిందేమో, స్క్రూ ఏదైనా జారి పడిందేమో చూడు.

ప్రశ్న: ఆట ఆడుతుండగా ఉన్నట్టుండి ఆగి మళ్లీ ఆన్ అవుతోంది. బ్రౌజర్, సినిమాలు ఎంతసేపు చూసినా ఏమీ కాదు. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో "కెర్నల్-పవర్ 41" అని ఉంది. దానికి మందేమిటి?

జవాబు: 41కి మందు లేదు, ఎందుకంటే అది జబ్బు కాదు. "పోయినసారి నన్ను సరిగ్గా ఆపలేదు" అని విండోస్ మళ్లీ లేచాక రాసుకున్న ఫిర్యాదు, అంతే. కరెంటు పోయినా, మీరు మీట అదిమి ఆపినా అదే సంఖ్య వస్తుంది. ఆ నమోదును తెరిచి "బగ్ చెక్ కోడ్" ఎంతో చూడండి. సున్నా అయితే లోపం ఏమిటో చెప్పే నీలి తెర వేసేంత వ్యవధి కూడా విండోస్‌కు దొరకలేదన్నమాట. అప్పుడు అనుమానం కరెంటు వైపు మొగ్గుతుంది.

వేడి వల్లా, కరెంటు వల్లా? వేడి అయితే ఆట మొదలైన కొంతసేపటికి ఫ్యాన్లు హోరెత్తి, ఆట నత్తనడక పట్టి, చివరకు ఆగిపోతుంది. ఆగాక వెంటనే ఆన్ చేస్తే మొరాయించవచ్చు. ప్రాసెసర్లు 100 డిగ్రీల సెల్సియస్ సమీపించగానే ముందు వేగం తగ్గించుకుంటాయి, అది చాలకపోతేనే ఆగుతాయి. మీ ఉత్తరంలో నత్తనడక ప్రసక్తి లేదు. "ఉన్నట్టుండి" అని రాశారు. కాబట్టి నేను ఎస్‌ఎంపీఎస్‌ను నిలదీస్తాను.

గ్రాఫిక్స్ కార్డు మీద రాసిన వాట్లు సగటు లెక్క. కొత్త దృశ్యం తెర మీదకు వచ్చే లిప్తపాటులో అది దాదాపు రెట్టింపు లాగగలదు. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 నిర్దేశాల్లో, ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు బరువును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలన్న నిబంధన చేర్చింది ఇందుకే. పాత ఎస్‌ఎంపీఎస్‌లు ఆ కుదుపును ప్రమాదమని భ్రమించి ఆపేస్తాయి. కొన్ని ఏళ్లు వాడినవాటిలో కెపాసిటర్లు నీరసించి, వోల్టేజీ ఆ క్షణంలో కిందికి జారిపోతుంది. రెండు రకాలుగానూ ఫలితం మీకు కనిపించినదే.

కొనడానికి పరుగెత్తకుండా ఒక పరీక్ష చేయండి. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగుల్లో పవర్ లిమిట్‌ను 70 శాతానికి తగ్గించండి, ఆటలో ఫ్రేముల వేగాన్ని 60 దగ్గర కట్టేయండి. ఆగడం మానేస్తే నేరం రుజువైనట్టే. రెండోది: కార్డుకు రెండు ఎనిమిది పిన్నుల కనెక్టర్లు ఉంటే, ఒకే తీగకు వేలాడే రెండు కొనలను వాటికి పెట్టారేమో చూడండి. ఒక్కో కనెక్టర్ లెక్క 150 వాట్లు. ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేరు వేరు తీగలు తెచ్చి పెట్టండి. దీంతోనే కుదుటపడిన కంప్యూటర్లు ఉన్నాయి.

పెట్టె మీద "80 ప్లస్" ముద్ర ఉంది కదా అని కొందరు అడుగుతారు. 2004లో మొదలైన ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా కాకుండా మారుతుందన్నదే. కుదుపులు ఎంత బాగా తట్టుకుంటుందో అది చెప్పదు.

ప్రశ్న: యూపీఎస్ ఉంది, దీపం పచ్చగా వెలుగుతుంది. కానీ కరెంటు పోగానే కంప్యూటర్ కూడా పోతోంది. మరి యూపీఎస్ ఎందుకు?

జవాబు: పచ్చదీపం గోడ నుంచి కరెంటు వస్తోందని చెబుతుంది. బ్యాటరీ బతికి ఉందని కాదు. కంప్యూటర్ తీసేసి, యూపీఎస్‌కు ఒక టేబుల్ ల్యాంపు పెట్టి, గోడ దగ్గర స్విచ్చు ఆపండి. ల్యాంపు కూడా ఆరిపోతే బ్యాటరీ మార్చండి. ఇళ్లలో వాడే యూపీఎస్‌లలో ఎక్కువగా ఉండేది 12 వోల్టుల, 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ. మూడు నుంచి ఐదేళ్లు దాని ఆయుష్షు, వేడి గదిలో అంతకంటే తక్కువ. నెలల తరబడి ప్లగ్గు తీసి మూలన పెడితే వాడకుండానే చచ్చిపోతుంది.

ల్యాంపు వెలుగుతూనే ఉంటే లెక్క చూడాలి. 600 వీఏ (వోల్ట్-ఆంపియర్లు) అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. చిన్న అక్షరాల్లో వెతికితే 360 వాట్లు అని దొరుకుతుంది. మీరు నమ్మవలసింది ఆ చిన్న అంకెను. లేజర్ ప్రింటర్‌ను దానికే పెట్టి ఉంటే ఇప్పుడే తీసేయండి. కాగితాన్ని వేడి చేసే క్షణంలో అదొక్కటే వందల వాట్లు లాగుతుంది.

ఇక మూడో కారణం. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ బ్యాటరీకి మారడానికి 4 నుంచి 10 మిల్లీసెకన్లు పడుతుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ నిండు బరువు మీద కూడా 16, 17 మిల్లీసెకన్లు తనలోని నిల్వతో నెట్టుకొస్తుంది. పాతబడి నీరసించినది అంత ఆగలేదు. అప్పుడు యూపీఎస్‌ను తిట్టి లాభం లేదు. దీనికి తోడు చౌక రకం యూపీఎస్‌లు బ్యాటరీ మీద మెట్లు మెట్లుగా ఉండే అలను ఇస్తాయి. యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటును సాఫీగా లాగే అమరిక) ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకు అది పడదు. అలాంటిచోట గోడ కరెంటులాగే నున్నని అలను ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ రకమే తీసుకోవాలి.

ప్రశ్న: ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతోంది. వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవడం లేదు.

జవాబు: మదర్‌బోర్డు మీద నాణెం బిళ్లలా ఉన్న సీఆర్ 2032 బ్యాటరీ మార్చండి, ప్లస్ గుర్తు పైకి ఉండాలి. తేదీ తప్పితే వెబ్‌సైట్ల భద్రతా పత్రాలు చెల్లనట్టు కనిపిస్తాయి, అందుకే తెరుచుకోవడం లేదు. రోజూ రాత్రి గోడ దగ్గర స్విచ్చు ఆపే అలవాటున్న ఇళ్లలో ఈ బ్యాటరీ తొందరగా అయిపోతుంది, ఎందుకంటే ప్లగ్గులో కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది ఇదే.

ప్రశ్న: అర్ధరాత్రి దానంతట అదే ఆన్ అవుతోంది. పిల్లలు దయ్యం అంటున్నారు.

జవాబు: దయ్యం పేరు బయోస్ (విండోస్ కంటే ముందు లేచే, మదర్‌బోర్డు మీది ప్రోగ్రాము) సెట్టింగు. కరెంటు పోయి వచ్చాక ఏం చేయాలన్నది అందులో ఉంటుంది, "రిస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్" లాంటి పేరుతో. దానిని ఆఫ్‌లో పెట్టండి. కరెంటు పోని రాత్రి కూడా లేస్తుంటే నెట్‌వర్క్ ద్వారా, మౌస్ ద్వారా, టైమర్ల ద్వారా లేచే అనుమతులు తీసేయండి. నిద్రలో ఉన్న కంప్యూటర్‌ను లేపడానికి మౌస్ కొద్దిగా కదిలితే చాలు.

ప్రశ్న: పదేళ్ల పైబడిన కంప్యూటర్. చలికి మూడు నాలుగుసార్లు నొక్కితేగాని లేవదు. ఒకసారి లేచాక రోజంతా బాగుంటుంది. అందుకని ఆపడమే మానేశాను. సరైన పనేనా?

జవాబు: తెలివైన పని, కానీ ఎక్కువ కాలం సాగదు. మీరు రాసినది ఎండిపోతున్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల లక్షణం. వాటి లోపలి ద్రవం ఏళ్ల వేడికి ఆవిరవుతూ వస్తుంది. చల్లగా ఉన్నప్పుడు వాటి నిరోధం మరీ పెరిగి, మొదటి కుదుపుకు వోల్టేజీ నిలబడదు. రెండు మూడు ప్రయత్నాలకు కాస్త వేడెక్కి దారికి వస్తాయి. మూత తీసి మదర్‌బోర్డు మీది కెపాసిటర్ల తలలు చూడండి. చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు మరక కారినా తీర్పు వచ్చేసినట్టే. 2000 తరువాతి మొదటి కొన్నేళ్లలో లోపభూయిష్టమైన ద్రవంతో తయారైన కెపాసిటర్లు ప్రపంచమంతటా ఇలా ఉబ్బి, లెక్కలేనన్ని మదర్‌బోర్డులను బలిగొన్నాయి. మీది ఆ కాలానిది కాకపోవచ్చు. అయినా వయసు వయసే.

బోర్డు మీద అన్నీ చదునుగా ఉంటే ఎస్‌ఎంపీఎస్ లోపలివి అయి ఉంటాయి. అరువు తెచ్చిన మంచి ఎస్‌ఎంపీఎస్‌తో ఒక చల్లని ఉదయం లేపి చూడండి, తేలిపోతుంది. దానికంటే ముందు, కంప్యూటర్ నడుస్తున్న ఈ రోజే మీ ఫొటోలూ కాగితాలూ బయటి డిస్కులోకి ఎక్కించుకోండి. ఈసారి ఆపితే లేస్తుందని నేను హామీ ఇవ్వను.

ప్రశ్న: ఎస్‌ఎంపీఎస్ మార్చాను. పాత తీగలు చక్కగా సర్ది ఉన్నాయి, కొత్తదానికీ అవే సరిపోయాయి కదా అని వాటినే ఉంచేశాను. ఆన్ చేయగానే కాలిన వాసన వచ్చింది, హార్డ్ డిస్కు కనిపించడం లేదు. కొత్త ఎస్‌ఎంపీఎస్ లోపభూయిష్టమా?

జవాబు: కాదండీ. తీగలు వేరుగా ఊడివచ్చే మాడ్యులర్ రకాల్లో, డిస్కుకూ మదర్‌బోర్డుకూ తగిలే కొనకే ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్‌కు తగిలే కొనను ఏ తయారీదారు ఇష్టం వచ్చినట్టు ఆయన పెట్టుకుంటాడు. ఒకే సంస్థ రెండు రకాల మధ్య కూడా వరుస మారవచ్చు. కనెక్టర్ ఆకారం ఒకటే కనుక చక్కగా దూరుతుంది, 5 వోల్టులు ఉండాల్సిన చోట 12 వోల్టులు వెళ్తాయి. మనిషి తేలిగ్గా పొరబడేలా తయారుచేసి, మాన్యువల్‌లో ఒక మూల హెచ్చరిక రాసి ఊరుకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. తప్పు మీ ఒక్కరిదే అని నేను అనను.

ఇక ఆ డిస్కుకు మళ్లీ కరెంటు ఇవ్వకండి. మీ సమాచారం ఉన్న పళ్లేలకు ఏమీ కాకపోయి ఉండవచ్చు. కాలింది అడుగునున్న సర్క్యూట్ బోర్డు. చాలా డిస్కుల్లో ఎక్కువ వోల్టేజీ వస్తే తాను కాలిపోయి మిగతాదాన్ని కాపాడే చిన్న డయోడు ఉంటుంది. అదొక్కటే పోయి ఉంటే నిపుణులకు అది చిన్న పని. అదే నమూనా డిస్కు ఇంకొకటి తెచ్చి దాని బోర్డు పెట్టేద్దామని మాత్రం అనుకోకండి. ఇప్పటి డిస్కుల్లో ప్రతి డిస్కుకూ సొంతమైన కొలతలు ఆ బోర్డు మీది ఒక చిప్పులో ఉంటాయి. దాన్ని కూడా మార్చి అతకకపోతే పని చేయదు. సమాచారం ముఖ్యమైతే డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి, ఏం జరిగిందో దాచకుండా చెప్పండి. పాత తీగలన్నీ పాత ఎస్‌ఎంపీఎస్‌తో కలిపి కట్టేసి, ఇంట్లోంచి పంపేయండి.

ప్రశ్న: ఎస్‌ఎంపీఎస్ లోపల ఫ్యూజు పోయిందనిపిస్తోంది. విప్పి మార్చుకునే విధానం బొమ్మలతో వేయగలరా?

జవాబు: వేయను. ప్లగ్గు తీసేశాక కూడా ఆ పెట్టెలో పెద్ద కెపాసిటర్ మీద 325 వోల్టులు, యాక్టివ్ పీఎఫ్‌సీ రకంలో 400 వోల్టుల దగ్గర, చాలాసేపు నిలిచి ఉండవచ్చు. పైగా ఆ ఫ్యూజు ఊరికే పోదు. లోపల స్విచ్చింగ్ ట్రాన్సిస్టరో, రెక్టిఫయరో షార్ట్ అయితేనే పోతుంది. కొత్త ఫ్యూజు వేస్తే అదీ అదే క్షణంలో పోతుంది. వారంటీ ఉందేమో చూడండి, చాలా రకాలకు ఐదేళ్లు, కొన్నింటికి పదేళ్లు కూడా ఇస్తారు. స్క్రూ విప్పితే అదీ పోతుంది.